జోలె పట్టువాని ధర్మము

ఇచ్చువాని ధర్మమును గూర్చి మన పెద్దలు విస్తారముగా చెప్పిరి. ఎట్టివానికి ఈయవలెనో, ఏ సమయమున ఈయవలెనో, ఏ భావముతో ఈయవలెనో బోధించు గ్రంథములకు మనకు కొదువ లేదు. పరుల కొరకు జోలె పట్టి ఇంటింటికి తిరుగువాని ధర్మమును గూర్చి మాత్రము చెప్పినది తక్కువ. తన కొరకు యాచించువాడు తన మానమును మాత్రమే పణముగా ఒడ్డును. పరుల కొరకు యాచించువాడు ఇద్దరి సొత్తును చేతబట్టుకొని నడచును. ఒకటి దాత ఇచ్చిన ధనము. రెండవది ఆర్తుని గౌరవము. ఈ రెండింటిలో ఏది జారిపోయినను జోలె చిరిగినట్లే.

నిలువ నీడలేని కుటుంబముల కొరకును, పెద్దలచేత హింసింపబడిన పిల్లల కొరకును విరాళములు పోగుచేయు వారికి ఈ ధర్మమెట్లు వర్తించునో ఈ పాఠమున పరిశీలింతము.

దాసోహమునందలి రెండు నీతులు

దాసోహమనగా కేవలము అన్నము పెట్టుట అని లోకులు తలంతురు. ఆ మాటలోనే దాని అర్థమున్నది. ఇచ్చువాడు తాను సేవకుడనని తలంచి ఇచ్చుట దాసోహము. ఇచ్చు చేయి పైనను, పుచ్చుకొను చేయి క్రిందను ఉండునను అహంకారమునకు అందు చోటు లేదు. దానికి ముందు కాయకమున్నది. చెమటోడ్చి సంపాదించిన దానిలో నుండియే దాసోహము జరుగవలెనని శరణుల నియమము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఎల్లరకును తెలిసినదే. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారి దాసోహము జరుగుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యముకంటె హెచ్చు బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. మన అవసరమునకు మించినది మనది కాదని, దానిని తిరిగి అచ్చటనే వేసి రమ్మని భర్తను పంపెను. పోగుచేయువానికి ఇది మొదటి నీతి. ఏ పనికై అడిగితిమో ఆ పనికి చాలినంతయే తీసికొనవలెను. మిగిలినచో దాని సంగతి ఇచ్చినవారికి చెప్పవలెను.

రెండవ నీతి బసవేశ్వరుని చరిత్రలోనే కలదు. 12వ శతాబ్దమున ఆయన బిజ్జలుని కొలువున భండారియై రాజ్యధనమునకు కావలి యుండెను. రాజు సొమ్మును జంగమములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమున ఈ ఘట్టము కలదు. రాజు లెక్క చూపుమనగా బసవన్న భండారమును తెరచి చూపెను. ఒక్క మాడయైనను తగ్గలేదు. భక్తులు ఈ కథయందు మహిమను చూతురు. మహిమతోపాటు చూడవలసినది మరియొకటి కలదు. నన్ను అనుమానింతురా యని ఆయన అలుగలేదు. నేను భక్తుడను, నాకు లెక్కయేల యని తప్పించుకొనలేదు. బసవన్నయే లెక్కకు నిలిచినపుడు ఆయన పేరు చెప్పి జోలె పట్టువారు లెక్క అడిగినంతనే చిన్నబుచ్చుకొనుట తగునా?

తిరుపతి వీధులలో

ఈ నీతులు నేడు దేనికి వినియోగపడునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. తిరుపతి యాత్రికుల ఊరు. రైలు దిగిన తోడనే సత్రములు, గోవిందరాజస్వామి గోపురము కన్పట్టును. తిరుమలపై 1985 ఏప్రిల్ 6వ తేదీన ఆరంభమైన నిత్యాన్నదానము నేటికిని సాగుచున్నది. అచ్చటికి పోయిన అన్నమునకు లోటుండదను నమ్మిక దూరప్రాంతముల వరకు వ్యాపించినది. ఆ నమ్మికతోనే యాత్రికులతోపాటు ఇల్లు విడిచిన పిల్లలును, ఊరు విడిచిన కుటుంబములును ఇచ్చటికి చేరుదురు. ఆకలి ఒక పూట తీరును. రాత్రి తల దాచుకొనుట యెట్లు?

2011 జనగణనము ప్రకారము మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైబడి యున్నారు. రోడ్ల ప్రక్కలను, రైల్వే ప్లాట్‌ఫారములపైనను, గుడుల మండపములలోను, వంతెనల క్రిందను రాత్రి గడపువారిని గుర్తించి వ్రాసికొన్న లెక్క అది. పట్టణములందు ప్రతి లక్ష జనాభాకు కనీసము 100 మంది తలదాచుకొనదగిన ఆశ్రయము ఉండవలెనని జాతీయ పట్టణ జీవనోపాధుల పథకము నియమము చేసినది. నియమమునకును, పరచిన చాపకును నడుమ దూరమెంతయో బస్టాండులో రాత్రివేళ నడచి చూచినవారికి తెలియును.

ఇల్లు పోవుటకు ఒక్క రాత్రి చాలును. 2021 నవంబరు నెలలో కురిసిన కుండపోత వర్షములకు తిరుపతి పల్లపు ప్రాంతములు నీట మునిగినవి. స్వర్ణముఖి పొంగినది. నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను వరద ముంచెత్తినది. రాయలచెరువు కట్టకు గండి పడునేమోయను భయముతో దిగువ గ్రామముల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. అప్పుడు బియ్యము, దుప్పట్లు, వండిన అన్నము అనేకులు తెచ్చియిచ్చిరి. అది మెచ్చదగిన కార్యము. నీరు తీసిన పిదప, గోడ కూలిన ఇంటివారి గతి యేమి?

ఒక కుటుంబమును ఊహించుకొందము. వానకు మట్టిగోడ కూలినది. పట్టా లేని స్థలమగుటచే ఇంటికి వచ్చు సాయము చేతికి రాలేదు. తండ్రి తాపీపనికి బెంగుళూరు పోయెను. తల్లి చంకబిడ్డతో పట్టణము చేరి ఇంటిపనులకు కుదిరెను. పనిచేయు ఇండ్లవారు ఇద్దరు పిల్లలతో రావద్దనగా, తొమ్మిదేండ్ల కూతురును దూరపు బంధువు ఇంట విడిచెను. ఆ ఇంట ఆ బిడ్డకు జరుగరానిది జరిగెను. బిడ్డ మాటలాడుట మానెను. బడి మానెను. ఈ కుటుంబము కల్పితమే. ఇట్టి దారి మాత్రము కల్పితము కాదు.

రెండు కష్టముల ముడి

నిలువ నీడలేమి ఒక విభాగమనియు, పిల్లలపై హింస వేరొక విభాగమనియు లెక్కలలో వ్రాయుదురు. పై బిడ్డ విషయమున అవి ఒకే త్రాటికి రెండు కొనలు. గోడ కూలుటయే మొదలు. తక్కినదంతయు దాని వెంట వచ్చెను.

కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనమును వెలువరించినది. ఆంధ్రప్రదేశ్‌తో కూడ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి చూచిరి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. సగముకంటె హెచ్చుమంది ఏదో యొక విధమైన లైంగిక వేధింపునకు గురియైతిమని చెప్పిరి. వేధించిన వారిలో సుమారు సగము మంది ఆ బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మినవారు. పరాయివారిని గూర్చి మాత్రమే బిడ్డలను హెచ్చరించు తల్లిదండ్రులు ఈ మాటను మనసున నిలుపుకొనవలెను.

దీనినుండి విరాళములు పోగుచేయువారు గ్రహింపవలసినది కలదు. ఇల్లు కోల్పోయిన తల్లికి ఆరు నెలల ఇంటి అద్దె సమకూర్చిన యెడల ఆ కూతురు తల్లి ఒడిలోనే ఉండియుండును. పిల్లలకు వసతిగృహము కట్టింతుమని అడిగినచో దాతలు ఉత్సాహముతో ఇత్తురు, శిలాఫలకముపై పేరుండును. ఒక తల్లికి అద్దె కట్టుదుమన్నచో అంత ఉత్సాహము కానరాదు. కాని బిడ్డను సంస్థలో చేర్చుట కడపటి మార్గమే కావలెననియు, వీలైనంతవరకు కుటుంబముననే పెరుగవలెననియు 2015 నాటి బాలల న్యాయ చట్టము ఆశయము. మిషన్ వాత్సల్య పథకము క్రింద అర్హులైన పిల్లలకు కుటుంబమునందే పెరుగుటకై నెలకు 4,000 రూపాయల సాయమునకు ఏర్పాటు కలదు. జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున అర్జీ పెట్టించుట, కావలసిన కాగితములు సమకూర్చుట, మంజూరగు వరకు ఇల్లు గడచుటకు చేయూత నిచ్చుట జోలెలోని సొమ్ముకు ఉత్తమమైన వినియోగములు.

జోలెకు మూడు ముడులు

మొదటి ముడి: బిడ్డ ముఖమును చూపి అడుగరాదు. కన్నీరు కార్చు బిడ్డ బొమ్మ దాత హృదయమును త్వరగా కరగించును. కావుననే ఆ బొమ్మను అచ్చువేయుటకు, సెల్ ఫోనులలో పంపుటకు ఆశ కలుగును. ఒకసారి పంపిన బొమ్మను తిరిగి రప్పించుట ఎవరి వశము కాదు. ఆ బిడ్డ పెరిగి పెద్దదగును, బడికి పోవును, పెండ్లి కావలసియుండును. 2012 నాటి పోక్సో చట్టము 23వ సెక్షను వేధింపునకు గురియైన బిడ్డ పేరు, బొమ్మ, చిరునామా, బడి, కుటుంబము, ఇరుగుపొరుగు మొదలగు గుర్తులేవియు వార్తాసాధనములలో బయటపెట్టరాదని నిషేధించినది. బాలల న్యాయ చట్టము 74వ సెక్షనుకూడ ఇట్లే ఆంక్ష విధించినది. పేరు మార్చి ఊరు చెప్పినను, ఊరు దాచి తండ్రి వృత్తి చెప్పినను ఇరుగుపొరుగు వారు ఇట్టే పోల్చుకొందురు. కావున అడుగువాడు బిడ్డ కథను చెప్పక పనిని చెప్పవలెను. ఇంతమంది పిల్లలకు, ఇన్ని నెలలకు, ఈ ఖర్చులకు అని చెప్పిన చాలును. అంతమాత్రమునకు కరగని హృదయము బొమ్మను చూచి ఇచ్చినను దాసోహము చేసినట్లు కాదు.

రెండవ ముడి: దాచరాదు. పరువు పోవునని, పెద్దమనుష్యులు కూర్చుండి సర్దుదురని, మన సంస్థ పేరు చెడునని నేరమును కప్పిపుచ్చు అలవాటు మన సమాజమున పాతుకొనియున్నది. బిడ్డపై నేరము జరిగినదని తెలిసిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెనని పోక్సో చట్టము 19వ సెక్షను శాసించుచున్నది. తెలుపకుండుట 21వ సెక్షను క్రింద శిక్షార్హము. తప్పిపోయిన, విడువబడిన, దిక్కులేని బిడ్డ కనబడినచో 24 గంటలలో పోలీసులకో, 1098 ఫోనునకో, బాలల సంక్షేమ సమితికో తెలియజేయవలెను. జాలితో ఇంటికి తీసికొనిపోయి ఉంచుకొనుట చట్టసమ్మతము కాదు. పదిమంది బిడ్డలను చేరదీసి ఆశ్రమమని బోర్డు కట్టుటయు చాలదు. అట్టి సంస్థ బాలల న్యాయ చట్టము 41వ సెక్షను ప్రకారము నమోదు కావలెను; నమోదు లేకుండ నడపుట నేరము.

ఈ నియమము మఠములకును, ధర్మసంస్థలకును మినహాయింపు నీయలేదు. బిడ్డకు తెలిసినవారే, నమ్మినవారే హింసించుట తరచుగా జరుగునని అధ్యయనము చెప్పియుండగా కాషాయము, విభూతి, రుద్రాక్ష చూచినంతనే అచ్చట భయములేదని తలంచుట అమాయకత్వము. పిల్లలున్న చోట పెద్దలెవ్వరును ఒంటరిగా ఒక బిడ్డతో గదిలో నుండరాదు. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినను బిడ్డను చూడనీయవలెను. బిడ్డ తన మాట చెప్పుకొనుటకు సంస్థకు వెలుపల నున్న ఒక స్త్రీ యుండవలెను. ఈ ఏర్పాట్లున్నవా యని అడుగుట దాతకు హక్కు. అడిగినవానిని శంకాళువని కోపింపక, ఉన్నవని చూపుట సంస్థకు శోభ.

మూడవ ముడి: లెక్క. వరుస సంఖ్యలున్న రసీదు పుస్తకము, సంస్థ పేరుననే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకములు లేనిదే సొమ్ము తీయరాదను కట్టుబాటు, సంవత్సరాంతమున ఆడిటు, ఊరిలో అందరకు కనబడు చోట జమాఖర్చుల పట్టిక అను ఈ ఐదును కనీసపు నియమములు. నేడు ఫోనుతో డబ్బు పంపు పద్ధతి వచ్చినది. పంపుటకు ముందు తెరపై కనబడు పేరు సంస్థదో, వ్యక్తిదో చూచికొనుట అవసరము. అలిపిరి వద్ద యాత్రికుని కొంగు పట్టుకొను బిడ్డ చేతిలో నాణెము వేయుట సులభము. ఆ నాణెము సాయంకాలమునకు ఎవరి చేతికి చేరునో ఇచ్చినవానికి తెలియదు. బిడ్డలచేత బిచ్చమెత్తించుట అయిదేండ్ల వరకు శిక్షకు పాత్రమైన నేరము. ఆ నాణెమునకు బదులు 1098కి ఒక మాట చెప్పుట మేలు.

ఆరంభశూరత్వము, నిలుకడ

వరద వచ్చిననాడు ఇచ్చుట ఒకటి; బిడ్డ పెరిగి తన కాళ్లపై నిలుచు వరకు ఇచ్చుట మరియొకటి. తిరుమల తిరుపతి దేవస్థానము 1943లో తిరుపతిలో స్థాపించిన శ్రీవేంకటేశ్వర బాలమందిరము ఎనిమిది దశాబ్దములుగా అనాథ బాలబాలికలకు వసతి, భోజనము, విద్య ఉచితముగా సమకూర్చుచున్నది. యాత్రికుడు ఒకనాడు ఇచ్చి పోవును. ఇచ్చినది ఏండ్ల తరబడి బిడ్డకు చేరవలెనన్నచో దానిని భద్రపరచు కట్టుబాటు కావలెను. అన్నదాన పథకమున దాతల సొమ్మును మూలధనముగా బ్యాంకులలో నుంచి దానిపై వచ్చు వడ్డీతో వడ్డించు పద్ధతిని ఏర్పరచుట ఇందులకే. మూలమును తినివేయు దానము ఒక్క పంటతో ముగియును.

తుమకూరు సిద్ధగంగా మఠము మరియొక మార్గమును చూపినది. శివకుమారస్వామివారు తొలినాళ్లలో స్వయముగా జోలె పట్టి పల్లెపల్లెకు తిరిగి ధాన్యము తెచ్చి పిల్లల కడుపు నింపిరి. 2019 జనవరి 21న వారు లింగైక్యులగు నాటికి అచ్చట సుమారు 10,000 మంది పిల్లలు కులమత భేదము లేక అన్నమును, విద్యను, నీడను పొందుచుండిరి. ఆ జోలెలో పడినది ఎక్కువగా రైతు పండించిన గింజయే.

మన ఊళ్లలోను దీనికి సులభమైన దారి కలదు. అన్నము వండుటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేయును. పిడికెడు సుమారు 50 గ్రాములనుకొన్నచో ఇంటికి నెలకు ఒకటిన్నర కిలో అగును. 40 ఇండ్లు కలిసినచో 60 కిలోలు. బిడ్డకు రోజునకు 400 గ్రాముల చొప్పున నెలకు 12 కిలోలు కావలెను. అనగా 40 ఇండ్ల పిడికిళ్లు అయిదుగురు బిడ్డల అన్నము. ఏ ఇంటను దీనికై ఒక ముద్ద తగ్గదు. నెలకొకసారి బియ్యమును కొలిచి, అందరి ఎదుట పుస్తకమున వ్రాసి పంపవలెను.

బియ్యముతోనే అంతయు తీరదు. హింసకు గురియైన బిడ్డ విషయమున ప్రత్యేక న్యాయస్థానము సాధ్యమైనంతవరకు ఏడాదిలో విచారణ ముగింపవలెనని చట్టము చెప్పుచున్నను, అంతకాలము తల్లి వాయిదాలకు తిరుగవలెను. వాయిదానాడు ఆమెకు కూలి పోవును. బస్సు ఛార్జీలు కావలెను. చంకబిడ్డను చూచుకొనువారు కావలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు ప్రభుత్వమే ఉచితముగా వకీలును ఏర్పాటుచేయును. కావున విరాళపు సొమ్మును వకీలుకై వెచ్చింపనక్కరలేదు. కూలి పోయిన తల్లికి ఆనాటి కూలి ఇచ్చుట, మాట మానిన బిడ్డ మనసు తెలిసి మాటాడించు శిక్షణ పొందినవారికి జీతమిచ్చుట కావలెను. ఇవి ఫలకముపై చెక్కదగిన ఖర్చులు కావు. వీటికై అడుగుటకు ధైర్యము కావలెను. ఇచ్చుటకు వివేకము కావలెను.

ఫలితము

ముందు ఊహించుకొన్న కుటుంబమును మరల తలంతము. జోలె పట్టినవారు పై ధర్మమున నడచినచో ఆ తల్లికి అద్దె గది దొరకును. నేరము చేసినవాడు చట్టమునకు చిక్కును. బిడ్డ తల్లి వద్దనే యుండి కొంతకాలమునకు మరల పలుక పెట్టి బడికి పోవును. పదేండ్ల పిదప ఆమె అదే వీధిలో నడచి పోవునపుడు, పిడికెడు బియ్యము వేసిన ఇల్లాండ్రు వాకిళ్లలో నిలిచియుండియు ఆమెను ఫలానా బిడ్డయని గుర్తింపజాలరు. జోలె పట్టినవాని కష్టము ఫలించినదనుటకు అంతకంటె సాక్ష్యము వేరే అక్కరలేదు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. ఆయ్దక్కి లక్కమ్మ బియ్యమును తిరిగి పంపుటలో విరాళములు పోగుచేయువారికి గల నీతి యేమి?
2. భండారము తెరచి చూపిన బసవన్న నడవడిని సంస్థల జమాఖర్చులకు ఎట్లు అన్వయింపవలెను?
3. ఇంటి అద్దెకు చేసిన సాయము బిడ్డల రక్షణమగునని యెట్లు చెప్పనగును?
4. బాధిత బాలల బొమ్మలు చూపి విరాళమడుగుట ఏల తప్పు?
5. తమ ఊరిలో దిక్కులేని బిడ్డ కనబడినచో 24 గంటలలో చేయవలసిన పనులేవి? వాటిని ఇంటిలోని పిల్లలకు, పెద్దలకు చెప్పియుంచితిమా?
6. తమ ఊరిలో పిడికెటి బియ్యపు కుండ పెట్టగల ఇండ్లు ఎన్ని? లెక్క వ్రాయుటకు ఎవరు పూనుకొందురు?